బెట్స్‌ను వదలుకొన్న బోస్టన్

అమెరికా బేస్‌బాల్‌లో జట్లు ఆటగాండ్రను ఇచ్చిపుచ్చుకొనుట పరిపాటి. 2020 ఫిబ్రవరిలో బోస్టన్ రెడ్ సాక్స్ జట్టు మూకీ బెట్స్‌ను లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌కు ఇచ్చివేసినది. 2018లో బోస్టన్ ప్రపంచ విజేత యైననాడు లీగులో ఉత్తమ క్రీడాకారుడని పేరొందినవాడతడు. అప్పటికి వయస్సు 27 ఏండ్లే.

యాజమాన్యము వాదమును తేలికగా త్రోసిపుచ్చరాదు. ఆ ఏడు ముగియగానే బెట్స్ ఒప్పందము తీరిపోవును. ఊరక పోనిచ్చుటకంటె ముగ్గురు యువకులను పుచ్చుకొనుట మేలు కదా! పరిమితి దాటిన జీతములపై లీగు విధించు పన్ను బెడద సరేసరి. లెక్క బాగుగనే యున్నది. కాని ఆ లెక్క వేసినది బీద జట్టు కాదు. ఆ జూలైలోనే డాడ్జర్స్ అతనికి మరి 12 ఏండ్లకు 36 కోట్ల 50 లక్షల డాలర్లు ఈయ నంగీకరించినది. 2020, 2024, 2025 సంవత్సరములలో ప్రపంచ విజేత ఆ జట్టే. బోస్టన్‌కు వచ్చిన ముగ్గురిలో ఇద్దరు 2023 ముగియకమునుపే జట్టు విడిచిరి.

ఫలితము చూచిన పిదప తీర్పు చెప్పుట సులభమందురు. నిజమే. అయితే బెట్స్ విలువ నాడు ఎవరికిని తెలియనిది కాదు. తక్కువ కట్టినది సొంతవారే. 2025 జూన్‌లో అదే యాజమాన్యము రఫేల్ డెవర్స్‌ను శాన్‌ఫ్రాన్సిస్కోకు పంపివేసినది. ఆడు స్థానము విషయమై పొరపొచ్చములు వచ్చిన మాట వాస్తవమే. కాని అతని ఒప్పందము 2033 వరకు కలదు. గడువు తీరిపోవునన్న సాకైనను ఈసారి లేదు.