మేత లేని ఎలుకలు, అన్నం తినని పిల్లలు

బీహారులోని ముజఫర్‌పూర్ లిచీ తోటలకు పేరుపొందిన జిల్లా. 1995 నుండి అక్కడ వేసవిలో, సరిగ్గా ఆ పండ్ల కాలంలో, రాత్రి ఆడుకొని పడుకొన్న పసిబిడ్డలు తెల్లవారుజామున మూర్ఛలతో స్పృహ కోల్పోయేవారు. 2014లో రెండు ఆసుపత్రులలో చేరిన 390 మందిలో 122 మంది మరణించారు. మెదడువాపు అన్నారు, వడదెబ్బ అన్నారు, పురుగుమందులన్నారు.

జాడ మాత్రం పాత ప్రయోగాలలో ఉంది. జమైకా వారు ఇష్టంగా తినే ఆకీ పండును పక్వానికి రాకముందే తింటే వాంతులై ప్రాణం మీదికి వస్తుంది. 1950లలో శాస్త్రజ్ఞులు అందులోని విషాన్ని వేరుచేసి జంతువులకిచ్చి చూడగా, రక్తంలో చక్కెర పడిపోయింది. ఆకీ, లిచీ, మన కుంకుడు ఒకే కుటుంబపు చెట్లు. లిచీ గింజలోనూ అట్టి పదార్థమే దొరికింది. దానిని మేత లేకుండా ఉంచిన ఎలుకలకిస్తే వాటి చక్కెర కూడా పడిపోయినట్లు 1991లో ప్రచురించారు.

సామెతలు 12:10 చదివినవారికి మూగజీవులపై ప్రయోగం సులభమైన ప్రశ్న కాదు. అయితే వాటి బాధ వలన తెలిసిన సంగతి ఇన్నేళ్లు పుస్తకాలలోనే ఉండిపోవడం నన్ను ఎక్కువ బాధిస్తుంది.

‘మేత లేకుండా’ అన్నమాట గమనించండి. ఆకలితో నిద్రపోయిన బిడ్డ కాలేయంలో నిలువ ఉన్న చక్కెర తెల్లవారకముందే అయిపోతుంది. అప్పుడు శరీరం కొవ్వును కరిగించుకొని నిలదొక్కుకోవాలి. ఈ విషం ఆ దారినే మూసివేస్తుంది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన డాక్టర్ టి. జాకబ్ జాన్ లిచీపై అనుమానాన్ని 2014లో ముందుకు తెచ్చారు. ఆ ఏటి రోగులపై జరిగిన పరిశోధన 2017లో వెలువడింది: లిచీ తిని, రాత్రి భోజనం చేయని పిల్లలకే ముప్పు ఎక్కువ. తోటలో రాలిన పండ్లతో కడుపు నింపుకొన్నది ఎక్కువగా పేదల బిడ్డలే.

మూర్ఛ వచ్చిన బిడ్డ నోట ఏమీ పోయకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లి, రక్తంలో చక్కెర చూడమని అడగండి. లిచీ మన సంతలకూ వస్తున్నది. సాయంకాలపు కూటము ఆలస్యమైతే మన పిల్లలూ చాపమీదే నిద్రపోతారు గదా, లేపి నాలుగు ముద్దలు తినిపించి పడుకోబెట్టండి.