రియాద్‌లో సెంటర్ సరే, జుబైల్‌కు వచ్చే మనిషి ఎవరు?

గురువారం రాత్రి డ్యూటీ దిగి, రూమ్‌కొచ్చి అన్నం పొయ్యి మీద పెట్టే వేళకు ఫోన్‌లో ఒక వాయిస్ మెసేజ్ వస్తుంది. "అన్నా, మా పక్కూరి ఆమె ఇక్కడ ఖద్దామా పనికొచ్చింది. ఇంట్లోవాళ్లు కొడుతున్నారంట. ఇంకా ఏదో కూడా ఉందన్నా, నాతో చెప్పలేకపోతోంది. ఎవరికి చెప్పాలి?" కాసేపటికి అది నాలుగు గ్రూపుల్లో తిరుగుతుంది. ఒకాయన వీడియో తీసి పెట్టమంటాడు. ఇంకొకాయన పోలీసుల దగ్గరికి పొమ్మంటాడు. మరొకాయన ఏజెంట్ నంబర్ దొరకబట్టి ఆవేశంగా ఫోన్ చేసేస్తాడు. తెల్లారేసరికి ఆమె ఫోన్ స్విచ్ ఆఫ్.

ఇది ఏ ఒక్కరి కథో కాదు, గల్ఫ్‌లో నాలుగేళ్లున్న తెలుగువాళ్లకు తెలిసిన తంతే. ఇందులో ఎవరి మనసూ చెడ్డది కాదు. అందరూ సాయం చేయాలనే అనుకున్నారు. కానీ ఆ "ఇంకా ఏదో" అన్న మాట వినడానికి అర్హత ఉన్న మనిషి ఆ వరుసలో ఒక్కరూ లేరు. నేను ఈ వారం చెప్పదలచింది అదే. మన ఆడవాళ్ల కోసం భవనాలు ప్రకటించారు, పోర్టళ్లు పెట్టారు, నంబర్లు ఇచ్చారు. వాళ్ల దగ్గరికి వెళ్లడమే పనిగా జీతమిచ్చి ఒక మనిషిని పెట్టే సంగతి మాత్రం మిగిలిపోయింది.

ప్రకటన ఎక్కడ, జుబైల్ ఎక్కడ

నిర్భయ నిధి 2013లో వచ్చింది. ఆ నిధితోనే 2015 ఏప్రిల్ 1 నుంచి దేశంలో వన్ స్టాప్ సెంటర్లు మొదలయ్యాయి. మన రెండు రాష్ట్రాల్లో "సఖి" కేంద్రాలంటే అవే. వైద్యం, కౌన్సెలింగ్, పోలీసు సాయం, న్యాయ సలహా, కొద్ది రోజుల వసతి అన్నీ ఒక్కచోటే దొరకాలన్నది దాని ఉద్దేశం. 2021 మే నెలలో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ అలాంటివి విదేశాల్లో కూడా పది పెడతామని ప్రకటించింది. పదిలో ఏడు గల్ఫ్‌లోనే. సౌదీకి రెండు, ఒకటి రియాద్‌లో, ఒకటి జెద్దాలో.

మంచిదే. కానీ పటం తీసి చూడండి. జుబైల్ నుంచి దమ్మామ్ 90 కిలోమీటర్ల పైచిలుకు. రియాద్ అయితే 450 కిలోమీటర్లకు పైమాటే. చేతిలో పాస్‌పోర్టు లేదు, ఇకామా కఫీల్ దగ్గరుంది, ఫోన్‌లో బ్యాలెన్స్ లేదు, గేటు దాటితే ఏ వీధో తెలియదు. అలాంటి ఆమెకు రియాద్‌లో ఉన్న గది తన ఊళ్లో ఉన్న గదంత దూరమే. సెంటర్ ఆమె దగ్గరికి రావాలి. వచ్చేది భవనం కాదు, మనిషి.

జుబైల్ పేరు చెప్పగానే అందరికీ రిఫైనరీలు, షట్‌డౌన్ పనులు, లేబర్ క్యాంపులు గుర్తొస్తాయి. 1975లో రాయల్ కమిషన్ ఏర్పడినప్పటి నుంచీ ఇది మగవాళ్ల పని ఊరుగానే పేరుపడింది. కాని ఇక్కడ మన ఆడవాళ్లూ ఉన్నారు. ఇళ్లలో పనికి వచ్చినవాళ్లు, ఆసుపత్రుల్లో నర్సులు, కంపెనీల తరఫున క్లీనింగ్ పనిచేసేవాళ్లు, భర్త ఇకామా మీద వచ్చిన గృహిణులు. నలుగురి కష్టం ఒకటి కాదు. ఇంటి పనామెకు యజమాని గుమ్మమే జైలు కావచ్చు. నర్సుకు వేధించినవాడే డ్యూటీ చార్ట్ వేసేవాడు కావచ్చు. భార్యకైతే కొట్టే భర్తే ఆమె కాగితాలన్నిటికీ యజమాని. ఎగ్జిట్ రీ ఎంట్రీ కూడా ఆయన అబ్షిర్ నుంచే రావాలి. కోపమొస్తే "నిన్ను ఎక్కించేస్తా, పిల్లలు ఇక్కడే ఉంటారు" అనే ఒక్క మాట చాలు, ఆమె నోరు మూతపడటానికి.

మన లెక్కల్లోకి రానివాళ్లు ఇంకొందరు. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద ఇంటి పనికి రావాలంటే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలి, ప్రభుత్వం అనుమతించిన సంస్థ ద్వారానే రావాలి. ఆంధ్రకు ఓంక్యాప్, తెలంగాణకు టామ్‌కామ్ ఉన్నాయి. ఈ నిబంధన తప్పించుకోవడానికి ఏజెంట్లు విజిట్ వీసా మీద వేరే దేశం దింపి, అక్కడి నుంచి మళ్లిస్తారు. అలా వచ్చినామె ఈ-మైగ్రేట్‌లో కనపడదు. కనపడనామె కోసం వెతికేవాళ్లుండరు.

ఆపద వచ్చినప్పుడు ఎవరిని లెక్కపెట్టాం?

మామూలు రోజుల్లోనే ఇలా ఉంటే, ఆపద వచ్చిన రోజుల్లో ఎలా ఉంటుంది? 1990లో కువైట్ నుంచి లక్షన్నరకు పైగా భారతీయులను తరలించారు. వాళ్లలో కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లూ ఉన్నారు. 2013లో నితాఖత్ గడువు, 2016లో జీతాలు ఆగిపోయి క్యాంపుల్లో తిండికి కటకట, 2020లో కరోనా, 2025 జూన్‌లో ఇరాన్ క్షిపణులు ఖతర్‌లోని అల్ ఉదైద్ స్థావరం మీద పడి ఆకాశ మార్గాలు మూసేసిన రాత్రి. ప్రతిసారీ మనం అడిగిన ప్రశ్నలు అవే. ఎంతమంది ఉన్నారు, టికెట్లు ఎన్ని, అవుట్‌పాస్‌లు ఎన్ని? క్యాంపులో ఉన్న మగవాళ్లు గేటు దగ్గర నిలబడితే ఫొటో వస్తుంది, వార్త అవుతుంది. తలుపు వెనకున్న ఆడమనిషి ఏ ఫొటోలోనూ ఉండదు.

యుద్ధాలు, వరదలు, వలసల మధ్య పనిచేసే ఐక్యరాజ్యసమితి సంస్థలు, సహాయ సంస్థలు కలిసి 2005లో మార్గదర్శకాలు రాసుకున్నాయి, 2015లో మళ్లీ సవరించాయి. అందులో మనం నేర్చుకోవలసిన మాట ఒకటుంది. ఆపద సమయంలో ఆడవాళ్ల మీద హింస జరుగుతోందో లేదో రుజువు కోసం కాచుక్కూర్చోవద్దు. జరుగుతోందనే అనుకుని మొదటి రోజు నుంచే ఏర్పాట్లు మొదలుపెట్టాలి. మన దగ్గర సరిగ్గా తలకిందులు. "కంప్లైంట్లు రాలేదు కదా" అంటాం. చెప్పుకునే దారి లేనిచోట కంప్లైంట్ రాకపోవడం క్షేమానికి గుర్తు కాదు.

వాలంటీర్లు చాలరా?

తూర్పు ప్రాంతంలో మన సోషల్ వర్కర్లు చేసిన సేవ చిన్నది కాదు. శవాలను ఊళ్లకు పంపారు, తర్హీల్‌లో ఉన్నవాళ్లకు కాగితాలు నడిపించారు, సొంత జేబు ఖర్చు పెట్టారు. వాళ్లను తక్కువ చేసి మాట్లాడేవాడు కృతఘ్నుడు. అయినా ఈ ఒక్క పనికి వాళ్లు సరిపోరు. కారణాలు మూడు.

మొదటిది చట్టం. పారిపోయి వచ్చిన పనామె మీద కఫీల్ హురూబ్ పెడితే ఆమెకు ఆశ్రయమిచ్చిన కుటుంబమూ నేరంలో పడుతుంది. జరిమానా, జైలు, ఆపైన దేశం దాటించడం. జాలిపడి ఒక్క రాత్రి ఇంట్లో ఉంచుకున్న పాపానికి మనవాళ్ల ఉద్యోగం పోవచ్చు. ఎంబసీ తరఫున అధికారికంగా వచ్చే మనిషికైతే దారి వేరు. తమ దేశస్థులను కలిసే, మాట్లాడే హక్కు 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం ఎంబసీకి ఇచ్చింది. అది గ్రూప్ అడ్మిన్‌కు లేదు.

రెండోది, మన వాలంటీర్లలో ఎక్కువమంది మగవాళ్లు. ఊరిలో సొంత అన్నకు చెప్పుకోలేని మాట ముక్కూ మొహం తెలియని అన్నకు ఏ ఆడమనిషి చెబుతుంది?

మూడోది గడియారం. అత్యాచారం జరిగితే హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. గర్భం రాకుండా ఇచ్చే మాత్రలకు 120 గంటల గడువు. ఎంత ముందైతే అంత మంచిది. ఇక్కడి చట్టం తెలియకుండా తొందరపడి పంపిస్తే, పెళ్లి కాని సంబంధం కింద ఆమెనే ప్రశ్నించే ప్రమాదమూ ఉంది. ఏది ముందు, ఏది వెనక, ఎవరు వెంట ఉండాలి అన్నది తెలిసినవాళ్లు చేయాల్సిన పని ఇది. ఆదివారం నుంచి గురువారం దాకా డ్యూటీ చేసుకుని సెలవు రోజున సేవ చేసేవాళ్ల మీద ఈ భారం పెట్టడం వాళ్లకూ అన్యాయమే.

పక్కవాళ్లను చూద్దాం. ఫిలిప్పీన్స్ 1995లోనే చట్టం చేసింది. 20 వేలమంది తమ కార్మికులున్న ప్రతి దేశంలో సహాయ కేంద్రం ఉండాలని, అది సెలవుల్లోనూ 24 గంటలూ తెరిచి ఉండాలని అందులో రాసుకుంది. మన పక్కనే అల్ ఖోబర్‌లో వాళ్ల కార్మిక కార్యాలయం ఉంది. తూర్పు ప్రాంతంలోని ఫిలిప్పీనా పనామె రియాద్ దాకా పోనక్కర్లేదు. సౌదీలో మనం 20 లక్షలకు పైగా ఉన్నాం.

ఎవరిని తీసుకోవాలి, ఎలా తీసుకోవాలి

"ఒక ఫీల్డ్ ఆఫీసర్‌ను వేయండి" అని అర్జీ పెట్టడం తేలిక. తప్పు మనిషిని వేస్తే అసలు లేకపోవడమే నయమనిపిస్తుంది. అందుకే ఎంపిక గురించి కొంచెం వివరంగా చెప్తాను.

ఆమె మహిళ అయి ఉండాలి. తెలుగు, హిందీ రావాలి, అరబ్బీ పోలీస్ స్టేషన్‌లో మాట్లాడేంత రావాలి. తెలుగంటే పుస్తకాల తెలుగు కాదు. కోనసీమ ఆమె మాట, రాయచోటి ఆమె మాట, నిజామాబాద్ ఆమె మాట అర్థం కావాలి. పాతబస్తీ నుంచి వచ్చినామె ఉర్దూలోనే ఏడుస్తుంది, అదీ తెలియాలి. పెద్ద డిగ్రీ కన్నా సఖి కేంద్రంలోనో, ప్రభుత్వాసుపత్రిలోనో, ఫ్యామిలీ కౌన్సెలింగ్‌లోనో నాలుగేళ్లు కేసులు చూసిన అనుభవం ముఖ్యం. మన రెండు రాష్ట్రాల నుంచీ అలాంటివాళ్లను డెప్యుటేషన్ మీద పంపవచ్చు.

ఇంటర్వ్యూలో "మీ బలాలేంటి" అని అడిగి లాభం లేదు. సందర్భం ఇచ్చి చూడాలి. "భర్త ఫోన్ చేసి నా భార్య మీ దగ్గరుందా అన్నాడు. ఏం చెబుతారు?" ఉందనీ, లేదనీ చెప్పకూడదు, ఎవరి సంగతీ ఎవరికీ చెప్పమనాలి. "ఆమె ఫిర్యాదు వద్దంటోంది. మీరేం చేస్తారు?" బలవంతం చేయనివారికే మార్కులు. "ఊరి పెద్దమనిషి రాజీ చేయమంటున్నాడు?" ఈ ప్రశ్న దగ్గర చాలామంది జారిపోతారు. కాపురం నిలబెట్టడం ఆమె ఉద్యోగం కాదు, ప్రాణం నిలబెట్టడం ఉద్యోగం. చివరగా, ఏజెంట్లతో గానీ, మ్యాన్‌పవర్ కంపెనీలతో గానీ ఆమెకూ, ఆమె ఇంట్లోవాళ్లకూ లావాదేవీలు లేవని గట్టిగా విచారించాలి. దొంగ చేతికి తాళం ఇచ్చినట్టు కాకూడదు.

ఆమె ఏం చేయలేదో కూడా ముందే ఒప్పుకోవాలి. ఎవరి ఇంట్లోకీ చొరబడలేదు. తలుపులు పగలగొట్టి విడిపించడం సినిమాల్లోనే. ఆమె తిరిగేది ఆసుపత్రి, పోలీస్ స్టేషన్, లేబర్ ఆఫీసు, దమ్మామ్ తర్హీల్, కంపెనీ వసతి. అక్కడి నర్సుకు, అధికారికి ఆమె ముఖం తెలిసి ఉంటే, తెలుగామె ఎవరైనా దెబ్బలతో వచ్చినప్పుడు ఫోన్ ముందు ఆమెకు వస్తుంది. ఆమెకు వాహనం, రాత్రివేళ తోడు, నెలకోసారి తన బరువు దించుకునేందుకు ఒక సీనియర్ ఉండాలి. రోజూ ఇలాంటివి విని ఇంటికెళ్లే మనిషి కూడా విరిగిపోతుంది.

ఆమె చేతికి ఆయుధాలు లేకపోలేదు. సౌదీలో హింస నుంచి రక్షణ చట్టం 2013 నుంచి ఉంది. ఫిర్యాదుకు 1919 నంబర్ ఉంది. 2018 నాటి వేధింపుల నిరోధక చట్టం ప్రకారం రెండేళ్ల దాకా, తీవ్రమైన సందర్భాల్లో ఐదేళ్ల దాకా జైలు. ఇంటి పనివాళ్లకు 2024 అక్టోబర్ నుంచి కొత్త నియమావళి వచ్చింది. రోజుకు పది గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో సెలవివ్వాలి, పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదు. కాగితం మీద దారులున్నాయి. వాటిలో నడిపించే మనిషే లేదు.

డబ్బెక్కడిది?

మనదే. పాస్‌పోర్టు రెన్యువల్‌కు వెళ్లినప్పుడు రసీదులో కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ పేరుతో కొన్ని రియాళ్లు కడతాం కదా. 2009 నుంచి ఉన్న నిధి అది. ఆపదలో ఉన్నవాళ్ల వసతికి, వైద్యానికి, న్యాయ సాయానికి, టికెట్లకు వాడేందుకు పెట్టినది. ఒక ఆఫీసర్ జీతం, ఒక కారు ఖర్చు ఆ నిధి ఆశయానికి బయటి మాటేమీ కాదు.

ఈసారి ఎంబసీవాళ్లు కాన్సులర్ సేవలకు జుబైల్ వచ్చినప్పుడు, మన సంఘాలు పూలగుచ్ఛాలతో పాటు మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా ఇవ్వాలి. తూర్పు ప్రాంతానికి మహిళా ఫీల్డ్ ఆఫీసర్ ఎప్పుడు? ఆమె నంబర్ సెలవుల్లో పనిచేస్తుందా? ఆమెకు చెప్పిన మాట ఎవరెవరికి తెలుస్తుంది? ఇవే ప్రశ్నలు హైదరాబాద్‌లో ప్రవాసీ ప్రజావాణికీ, అమరావతిలో ఏపీఎన్ఆర్‌టీకీ పంపాలి.

ఇక మన వంతు. వీడియో ఫార్వర్డ్ చేయకండి. ముఖం, పేరు, ఊరు బయటపెట్టిన వీడియో ఆమెను ఇక్కడి నుంచి బయటపడేయవచ్చు. కానీ రేపు ఊరికి వెళ్లి బతకాల్సింది ఆమే, ఆ వీడియో ఆమె పిల్లల పెళ్లిళ్ల దాకా వెంటాడుతుంది. తెలుగు వార్తల పేజీలు, మనమూ సహా, ఈ తప్పు చేశాం. ఇకమీదట ఆ వాయిస్ మెసేజ్ వస్తే గ్రూపులో వేయకుండా ఆమెను ఒక్కటే అడుగుదాం: "అక్కా, నీకు ఇప్పుడు మాట్లాడటం క్షేమమేనా?" తర్వాత ఆమెను ఒక మహిళకు అప్పగించాలి. ఆ మహిళ ఎవరన్నదానికి మన దగ్గర ఈరోజు ఒక పేరు లేదు. ఆ పేరు వచ్చేదాకా అడుగుతూనే ఉండాలి.