నడుము కొలతకు కులం లేదా?

టేపు పట్టుకొని మనిషి శరీరంలో కులాన్ని వెతికిన చరిత్ర ఈ దేశానికి ఉంది. 1901 జనగణన కమిషనర్ హెర్బర్ట్ రిస్లీ ముక్కుల వెడల్పు కొలిచి, కులభేదం జాతిభేదమేనని నిరూపించబోయాడు. అటువంటి కొలతల పట్టికలనే ముందుపెట్టుకొని, బ్రాహ్మణులూ అంటరానివారూ వేర్వేరు జాతులనే వాదాన్ని 1948లో అంబేడ్కర్ తిప్పికొట్టారు.

ఇప్పుడు టేపు ముక్కు నుంచి నడుముకు దిగింది. ఎత్తు, బరువులతో లెక్కగట్టే బీఎంఐకి మూలం 19వ శతాబ్దపు బెల్జియం గణాంకవేత్త క్వెట్లే సూత్రం. ఆయన వెతికింది సగటు మనిషిని, రోగిని కాదు. ఒంట్లో కొవ్వెంతో, అది ఎక్కడ పేరుకుందో ఆ సూచిక చెప్పలేదు. యూరప్‌లో సుమారు 3,60,000 మందిని పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనం, ఒకే బీఎంఐ ఉన్నవారిలోనూ నడుము చుట్టుకొలత పెరిగేకొద్దీ మరణ ముప్పు పెరుగుతుందని తేల్చింది. దక్షిణాసియా వాసులకు పురుషులలో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదమన్నది అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న హద్దు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా 2019–21 విడతలో తొలిసారిగా నడుము, తుంటి కొలతలు తీసుకుంది.

మనకు హద్దు తక్కువెందుకు? ఒక జవాబు తల్లి కంచంలో ఉంది. పుణె పరిసర గ్రామాల్లో యాజ్ఞిక్ బృందం పరిశీలించిన శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్ శిశువులది 3.5. మన బిడ్డల్లో తగ్గింది కండ. కొవ్వు అంతగా తగ్గలేదు. హైదరాబాద్ సమీప గ్రామాల్లో జాతీయ పోషకాహార సంస్థ 1987–90 మధ్య గర్భిణులకూ పసిపిల్లలకూ అదనపు ఆహారం అందించింది. ఆ పిల్లలను కౌమారంలో పరీక్షిస్తే, ఆ ఆహారం అందని గ్రామాల వారికన్నా సగటున 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. ఇన్సులిన్ నిరోధకత, ధమనుల బిగుతు తక్కువగా ఉన్నాయి. అంటే నలభై ఏళ్ల వయసులో టేపు చూపే అంకెలో అమ్మ తిన్నదీ తినలేనిదీ కొంత దాగి ఉంటుంది. ఏ అమ్మ తినలేకపోయింది అన్న ప్రశ్న దగ్గరే మన వైద్య గణాంకాలు మూగబోతాయి.

తొమ్మిది రాష్ట్రాల్లో సుమారు 2 కోట్ల మంది వివరాలతో 2022లో వెలువడిన అధ్యయనం ప్రకారం, అగ్రవర్ణ హిందువులకన్నా ఆదివాసుల ఆయుర్దాయం నాలుగేళ్లకు పైగా, దళితులది మూడేళ్లకు పైగా తక్కువ. ఆర్థిక స్థితి ఈ అంతరంలో సగాన్ని కూడా వివరించలేదు. ఆ తొమ్మిదింటిలో తెలుగు రాష్ట్రాలు లేవు. ఎస్‌ఆర్‌ఎస్ ప్రకటించే ఆయుర్దాయ పట్టికల్లో పల్లె, పట్నం, స్త్రీ, పురుషుడు కనిపిస్తారు, కులం కనిపించదు.

కులం కనిపించనప్పుడు నింద వ్యక్తి మీదే పడుతుంది. ఉదయం నుంచి నాట్లు వేసి వచ్చిన కూలీ మహిళకు ‘కాస్త నడవమ్మా’ అని సలహా చెప్పే వైద్యం అలాంటిదే. మరోవైపు, ‘వాళ్ల శరీరతత్వమే అంత’ అంటూ రిస్లీ మరో ద్వారం నుంచి తిరిగి రావచ్చు. లెక్కలు అడిగేవారు ఈ ప్రమాదాన్నీ గుర్తుంచుకోవాలి; కొలవవలసింది కులం చేసిన గాయాన్ని, కులపు శరీరాన్ని కాదు.

రానున్న జనగణనలో కులాన్ని లెక్కిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. తలల లెక్కతో ఆగక, మరణాల నమోదులోనూ ఎస్‌ఆర్‌ఎస్‌లోనూ కులాన్ని చేర్చాలి. నడుము కొలతలను గర్భిణుల పోషణ వివరాలతో కలిపి, జిల్లాలవారీగా, సామాజిక వర్గాలవారీగా ప్రచురించాలి. అంగన్‌వాడీ బడ్జెట్ గురించిన వాదన ఆ పట్టికల మీద జరగాలి.