మత్తడి మరమ్మతు చేస్తున్నారా? చేపకు దారి అడగండి

మృగశిర కార్తె నాడు మన ఇళ్లలో చేపల కూర ఉండాల్సిందే. ఆ తర్వాత కొద్ది రోజులకు మొదటి గట్టి వాన పడి, వాగు ఎర్రనీళ్లతో కదిలిన రాత్రి ఊళ్లో సగం మంది టార్చిలైట్లు పట్టుకుని మత్తడి కింద నిలబడతారు. గోడకు కొట్టుకుని కింద పడుతున్న చేపల్ని బుట్టలతో, పాత దోమతెరలతో, ఉత్త చేతులతో పట్టేస్తారు. మీరూ పట్టి ఉంటారు. అంత సులువుగా ఎందుకు దొరుకుతున్నాయో ఎప్పుడైనా ఆలోచించారా? ఆ చేపలు కడుపు నిండా గుడ్లతో ఎగువకు పోవాలని వచ్చాయి. గోడ అడ్డం పడి అక్కడే ఆగిపోయాయి.

ఇది ఇప్పుడు చెప్పడానికి కారణం ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగి ఖమ్మం, మహబూబాబాద్ జిల్లాల్లో, 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి, మెదక్ జిల్లాల్లో చెరువులకు గండ్లు పడ్డాయి. కల్వర్టులు, రోడ్లు కొట్టుకుపోయాయి. వాగుల మీది చెక్‌డ్యామ్‌లు ఇటీవలి వరదల్లో కొన్నిచోట్ల పక్కల నుంచి కోసుకుపోయాయి. ఇలా దెబ్బతిన్న వాటికి అంచనాలు వేసి మళ్లీ కడుతుంటారు. ఒకసారి కాంక్రీటు పోశాక ఏళ్ల తరబడి దాన్ని ఎవరూ ముట్టుకోరు. చేపకు దారి కావాలంటే అంచనా వేసే దశలోనే అడగాలి. కట్టాక అడిగితే ఎవరూ వినరు.

పిల్లల్ని వదులుతున్నాం కదా, ఇంకేం కావాలి?

మత్స్య సహకార సంఘాల సభ్యులు అడిగే మొదటి ప్రశ్న ఇదే. తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో చేపపిల్లల్ని ఉచితంగా వదిలే పథకం నడుస్తోంది. అంతకు ముందు ఏడాది మొదలైన మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీశారు. నీరు నిలిచింది, బొచ్చె, రవ్వ, మ్రిగాల, బంగారుతీగ పెరిగాయి, సంఘాలకు ఆదాయం వచ్చింది. దాన్ని తక్కువ చేయనక్కర్లేదు.

అయితే బొచ్చె, రవ్వ, మ్రిగాల నిలిచిన చెరువు నీటిలో గుడ్లు పెట్టవు. పారే వరద నీరు, నీరెక్కిన పల్లపు నేల ఉంటేనే పెడతాయి. అందుకే 1957 జులై 10న ఒడిశాలో శాస్త్రవేత్తలు హార్మోను సూదితో వాటిచేత గుడ్లు పెట్టించడం అంత పెద్ద విషయమైంది. ఆ రోజునే ఇప్పుడు జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ పద్ధతి వల్ల ఈ రకాలకు వాగుతో పని లేకపోయింది, హేచరీ ఉంటే చాలు.

జెల్ల, పరక, బొమ్మిడాయి, వాలుగ, చందమామ సంగతి అలా కాదు. ఉచిత పిల్లల లారీలో ఇవి రావు. వీటికి వాగే హేచరీ. వాగు మూసుకుపోతే ఇవి ఆ చెరువుకు తిరిగి రావు. సంతలో బొమ్మిడాయి ధర ఎక్కడుందో, బొచ్చె ధర ఎక్కడుందో మీకు తెలిసిందే. ధర మాట వదిలేసినా, పిడికెడు పరకల్ని ముళ్లతో సహా తినే ఇంట్లో పిల్లలకు దొరికే సున్నం పెద్ద చేప ముక్కలో దొరకదు. పులస గురించి అందరూ రాస్తారు. పరక గురించి రాసేవాళ్లు తక్కువ, దాన్ని తినేవాళ్లే ఎక్కువ.

కొరమీను కొంచెం వేరు. అది గాలి పీల్చుకోగలదు, తడి నేల మీద పాకి గట్టు దాటగలదు. మట్టగిడస, మార్పు కూడా అంతే. వీటికి గోడ కన్నా పెద్ద ఇబ్బంది చెరువు అంచుల్లో తుంగ, గడ్డి లేకపోవడం. కొరమీను లోతు తక్కువున్న గడ్డిలోనే గూడు కట్టి పిల్లల్ని కాస్తుంది. పూడిక పేరుతో చెరువును అంచుల దాకా తొట్టిలా చెక్కేసినచోట 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించుకున్న కొరమీనుకే చోటు లేకుండా పోయింది.

గోడ ఎంత ఎత్తు, నీరు ఎంత వేగం

వాగు చేప ఏడాది ఇలా గడుస్తుంది. ఎండాకాలం మడుగులో తలదాచుకుంటుంది. తొలి వరదకు ఎదురెక్కి, నీరు మునిగిన గడ్డి నేలల్లో, పొలాల అంచుల్లో గుడ్లు పెడుతుంది. గుడ్లు ఒకటి రెండు రోజుల్లో పొదుగుతాయి. పిల్లలు కాలువల్లో, మడి గట్ల పక్కన పెరిగి, వానలు తగ్గాక దిగువకు జారుకుంటాయి. గొలుసుకట్టు చెరువులున్న ఊళ్లలో ఈ రాకపోకలన్నీ మత్తడి వాగుల మీదుగానే సాగేవి. పాత మత్తళ్లు చాలాచోట్ల ఎగుడుదిగుడు రాళ్లతో వాలుగా ఉండేవి. నీరు ఆ రాళ్ల మధ్య ఆగి ఆగి దిగేది, చేప ఆగి ఆగి ఎక్కేది. ఇప్పుడు నిట్టనిలువు గోడ, కింద నున్నటి కాంక్రీటు పలక.

లెక్క చూడండి. రెండు మీటర్ల ఎత్తు నుంచి పడే నీటి వేగం సెకనుకు ఆరు మీటర్లు దాటుతుంది. వేలెడు పరక ఎదురీదగలిగేది సుమారు ఒక మీటరు వేగాన్ని, అదీ కొద్ది క్షణాలే. పది సెంటీమీటర్ల మెట్టు మీంచి దిగే నీటి వేగమే 1.4 మీటర్లు. ఐదు సెంటీమీటర్ల మెట్టయితే ఒక మీటరు. అంటే చిన్న చేపకు కావాల్సింది ఐదు నుంచి పది సెంటీమీటర్ల మెట్లు, మెట్టు మెట్టుకు మధ్య ఊపిరి తీసుకునే చిన్న గుంట. పెద్ద వరదలో దిగువ మట్టం కూడా పెరిగి గోడ మునిగిపోతుంది కదా అంటారు. మునుగుతుంది, కొన్ని గంటలు. ఆ గంటల్లో గోడ దగ్గర ఉన్న బలమైన చేప దాటుతుంది, మిగతావి ఆగిపోతాయి.

పొలం దారికి మనం వేసుకున్న పైపు కల్వర్టుదీ ఇదే కథ. సన్నటి పైపులో నీరు దూసుకొస్తుంది. పైపు మూతి కింద నేల కోసుకుపోయి అడుగు ఎత్తున వేలాడుతుంది. ఆ అడుగే పరకకు కొండ. కొత్తగా వేసేటప్పుడు వాగు వెడల్పుకు సరిపడే పెట్టె కల్వర్టు వేయించి, దాని అడుగును వాగు మట్టం కన్నా కొంచెం కిందికి దింపండి. లోపల ఇసుక, రాయి పేరుకుని వాగు అడుగులా ఉంటుంది. పాత పైపు అయితే మూతి కింద పెద్ద రాళ్లు పేర్చి దిగువ మట్టం పైకి తెస్తే చాలావరకు సరిపోతుంది.

ఏం అడగాలి

రాతి వాలు అడగండి. గోడకు దిగువన పెద్ద బండరాళ్లను సగం పూడ్చి, ఎత్తు ఒకటికి పొడవు ఇరవై నుంచి ముప్పై ఉండేలా పేర్చడం. రెండు మీటర్ల చెక్‌డ్యామ్‌కు నలభై నుంచి అరవై మీటర్ల పొడవు వస్తుంది. చిన్న వాగయితే పూర్తి వెడల్పున వేయడమే మంచిది. వెడల్పు వాగులో ఒక పక్కనే వేస్తే ఒక చిక్కుంది: చేప నేరుగా గోడ పాదం దాకా వచ్చేస్తుంది, వాలు మొదలు మాత్రం నలభై మీటర్ల దిగువన ఎక్కడో ఉంటుంది. చేప దాన్ని కనుక్కోలేదు. అందుకని వాలును ఒడ్డు వెంబడి వంపు తిప్పి, దాని ప్రవేశం గోడ పాదం పక్కనే ఉండేలా చూడాలి. రాళ్ల మీద నున్నగా గిలాబు చేయనివ్వొద్దు. గరుకే చేపకు ఆసరా.

రైతుకు వచ్చే అనుమానం ఒకటే: నిలవాల్సిన నీళ్లు ఈ దారిన పోతే మన బోర్ల గతేంటి? న్యాయమైన ప్రశ్న. వాలు పైఅంచు గోడ మట్టానికే ఉంటుంది. దాని తలలో మీటరు వెడల్పున, పదిహేను సెంటీమీటర్ల లోతు గాడి ఒక్కటే వదులుతారు. పల్చటి ప్రవాహం ముందుగా అందులోకి దిగాలి కాబట్టి. కట్ట వెనుక నీళ్లలో తగ్గేది ఆ పైపొర ఒక్కటే. వానలు వెనకబట్టాక గాడికి చెక్కలు దించి మూసేస్తే అదీ దక్కుతుంది. మీ అంతట మీరు గోడను మాత్రం కోయకండి. గోడ బలహీనపడితే వరదకు మొత్తం పోతుంది. నీటిపారుదల శాఖ ఇంజినీరు లెక్క వేశాకే చేయాలి.

షట్టర్లున్న చెక్‌డ్యామ్‌ అయితే ఖర్చు లేని మార్గం ఉంది. తొలి రెండు మూడు వరదలకు షట్టర్లను పూర్తిగా ఎత్తి ఉంచండి, తర్వాత దించి నిల్వ చేయండి. తొలి వరదలో వచ్చే ఒండ్రు కూడా కట్ట వెనుక పేరుకోకుండా పోతుంది. సగం ఎత్తితే లాభం లేదు, ఆ సందులోంచి నీరు ఇంకా జోరుగా దూకుతుంది.

ఇతరచోట్ల ఏం జరిగింది

గొడవ కొత్తది కాదు. ఫ్రాన్సిస్ డే 1873లో మన మంచినీటి చేపల మీద ఇచ్చిన నివేదికలోనే ఆనకట్టలు చేపల్ని అడ్డుకుంటున్న సంగతి ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి అప్పటికి రెండు దశాబ్దాలు. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక ఎగువన ఇలస పట్టు పడిపోయింది. అక్కడ చేపల కోసం లాకులు పెట్టినా ఆశించిన ఫలితం రాలేదు.

ఆస్ట్రేలియా పాఠం మనకు మరీ పనికొస్తుంది. ముర్రే నదిలో మొదట కట్టిన చేపల మెట్లు ఎగిరి దూకే సాల్మన్ కోసం తయారైన నమూనాలు. అక్కడి చేపలు వాటిని ఎక్కలేకపోయాయి. తర్వాత స్థానిక చేపల ఈత బలం కొలిచి, వాలు తగ్గించి, సముద్రం నుంచి హ్యూమ్ డ్యామ్ దాకా రెండు వేల కిలోమీటర్లకు పైగా దారి తెరిచారు. ఆ అనుభవంతోనే లావోస్‌లో వరి పండించే పాక్ పెయుంగ్ చిత్తడి నేల దగ్గర, వరద గేటు పక్కన చేపల దారి కట్టారు. మన చేపలూ దూకేవి కావు. ఎవరైనా నిటారు మెట్ల డ్రాయింగు తెస్తే ఇది ఏ చేప కోసమని అడగండి. అమెరికాలో క్లామత్ నది మీద 2024 నాటికి నాలుగు డ్యామ్‌లు పూర్తిగా తీసేస్తే అదే అక్టోబరులో సాల్మన్ ఎగువకు చేరింది. మన బోర్లు చెక్‌డ్యామ్‌ల మీద బతుకుతున్నాయి, మనం కూల్చాల్సిన పని లేదు. ఆ నది చెప్పేది ఒక్కటే, దారి తెరిస్తే చేప ఆలస్యం చేయదు.

వలలు, జాలీలు, మడుగులు

ఇక మన చేతిలో ఉన్నవి. సంఘాలు మత్తడికి జాలీ కడతాయి, వదిలిన చేప పోకుండా. అదే జాలీ ఎక్కే చేపనూ ఆపుతుంది. కొత్త పిల్లల్ని వదిలేది సాధారణంగా చెరువు నిండాక. కాబట్టి తొలి వరద వారం రోజులు జాలీ తీసేస్తే కొత్త విత్తనానికి నష్టం లేదు. నిరుటి చేప కొంత పోవచ్చు, పోదని చెప్పను. సంఘంలో మాట్లాడుకుని ఒక పక్కన రెండు మీటర్లయినా ఖాళీ వదలండి.

మత్తడి కింద పట్టడం పూర్తిగా మానమంటే ఎవరూ వినరు, నాకూ తెలుసు. తొలి వరద మూడు రాత్రులు వదిలేయండి, ఆ తర్వాత పట్టుకోండి. కొన్ని ఊళ్లు చెరువు చేపకు ఇలాంటి కట్టుబాట్లు పెట్టుకుని నడుపుకుంటూనే ఉన్నాయి. మందు కలపడం, తూటాలు పేల్చడం 1897 నాటి చట్టం నుంచే నేరం. ఒక్క మడుగులో మందు పోస్తే ఆ వాగు మొత్తానికి మిగిలిన విత్తనం పోతుంది. ఇసుక తీసేవాళ్లనూ మడుగుల జోలికి రానివ్వకండి. ఒడ్డున ఉన్న కానుగ, నేరేడు, మద్ది చెట్లను జేసీబీతో పెకిలించి వాగును కాలువలా నిఠారుగా చేస్తే నీడా ఉండదు, మడుగూ ఉండదు, వేగమే మిగులుతుంది.

మీ ఊరి పనికి ఇంకా అంచనా పడకపోతే ఈ వానాకాలం ఒక పని చేయండి. తొలి వరద రోజు మత్తడి కింద చేపలు గోడకు కొట్టుకోవడం ఫోనులో వీడియో తీయండి. గోడ ఎత్తు, వాగు వెడల్పు టేపుతో కొలిచి రాసుకోండి. ఆ వీడియో, కొలతలు, గ్రామసభ తీర్మానం కలిపి నీటిపారుదల శాఖ ఏఈకి ఒకటి, జిల్లా మత్స్యశాఖ అధికారికి ఒకటి ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి.