బతికితే లక్ష్మి, చస్తే గండం తప్పింది

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఊళ్లలో కొత్త ఇల్లు కడితే హాల్లో గాజుతొట్టి పెట్టే అలవాటు బాగా పెరిగింది. ఏ మూలన పెట్టాలో వాస్తు చెప్పేవాళ్లే చెబుతారు. అందులో చేపలుంటాయి, కొన్నిచోట్ల అరచేయంత తాబేలు ఉంటుంది. ఎందుకని అడిగితే డబ్బు నిలుస్తుందని, దిష్టి తగలదని జవాబు వస్తుంది. గృహప్రవేశమై నెల తిరక్కుండానే ఒక పొద్దున ఆ ప్రాణి కదలకుండా పడి ఉంటుంది. ఇంట్లో పిల్లలు ఏడుస్తారు. పక్కింటామె వచ్చి ఓదార్పుగా చెప్పే మాట ఒకటుంది: “బాధపడొద్దు వదినా, మీ ఇంటికి రావల్సిన కీడు అది తీస్కపోయిందిలే.” వారం లోపే తొట్టిలోకి ఇంకో ప్రాణి వస్తుంది.

ఆమె మంచి మనసుతోనే ఆ మాట అంటుంది. కానీ అందులోని లెక్క చూడాలి. ప్రాణి బతికితే ఇంటికి లక్ష్మి, చస్తే గండం తప్పింది. ఏం జరిగినా నమ్మకానికే గెలుపు. అది తప్పని తేలాలంటే ఏం జరగాలని అడిగితే ఎవరి దగ్గరా జవాబుండదు. ఇంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. చావును శుభవార్తగా మార్చే ఈ మాట, ఆ ప్రాణి ఎందుకు చచ్చిందన్న ప్రశ్నను పుట్టకముందే చంపేస్తుంది. అందుకే అదే తొట్టిలో, అదే కారణంతో రెండోది చస్తుంది, మూడోదీ చస్తుంది.

కారణం కనిపెట్టడం కష్టమేం కాదు. చేపల విసర్జన నుంచి, మిగిలిపోయిన మేత నుంచి నీళ్లలో అమ్మోనియా పుడుతుంది. అది విషం. దాన్ని మార్చి హాని తగ్గించే సూక్ష్మజీవులు తొట్టిలో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త తొట్టిలో మొదటి నెలలోనే చేపలు ఎక్కువగా చావడానికి ఇదే కారణం. కుళాయి నీళ్లలో కలిపే క్లోరిన్ దీనికి తోడవుతుంది. కొత్త ఇంటికి తగిలిన దిష్టిని చేప మోసుకుపోయిందని అందరూ అనుకునే రోజులు, అమ్మోనియా పేరుకునే రోజులు సరిగ్గా ఒకటే. గృహప్రవేశానికి నెలన్నర ముందే తొట్టిని నింపి, సూక్ష్మజీవులు నిలదొక్కుకున్నాక చేపలను వదిలితే ఆ గండం ఎటు పోతుందో ఎవరైనా చూసి తెలుసుకోవచ్చు.

తాబేలు సంగతి ఇంకా లోతైనది. అది మనలా ఒంట్లో వేడి పుట్టించుకోలేదు. చుట్టూ ఉన్న గాలి, నేల ఎంత వెచ్చగా ఉంటే దాని ఒళ్లూ అంతే. తిన్న ఆకు అరగాలన్నా, రోగాన్ని తట్టుకోవాలన్నా బయటి వేడే ఆధారం. రోజుల తరబడి 20 డిగ్రీల కంటే తక్కువ వేడిలో ఉంచితే కడుపులోని మేత అరక్క పులుస్తుంది. దానికి మనకున్నట్టు విభాజక పటలం కూడా లేదు కాబట్టి గట్టిగా దగ్గి కఫాన్ని బయటికి నెట్టలేదు. చలి పట్టిన తాబేలును దగ్గర నుంచి చూస్తే సంగతి తెలుస్తుంది. ముక్కు రంధ్రాల దగ్గర బుడగలు, ఉబ్బి మూసుకుపోయిన రెప్పలు, ఊపిరి తీసినప్పుడల్లా ముందుకు సాగే మెడ, తెరిచి ఉన్న నోరు. ఇంట్లోవాళ్లు మాత్రం అది ధ్యానంలో ఉందంటారు.

కడప జిల్లాలో ఇళ్లల్లో దొంగచాటుగా పెంచేవాటిలో నక్షత్ర తాబేలు ముఖ్యమైనది. నల్లటి చిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకున్న ఈ జీవి శ్రీలంకలోనూ, వాయవ్య భారతంలోనూ, మన దక్షిణాది మెట్టభూముల్లోనూ ఉంటుంది. పూర్తిగా నేల మీద బతికేది, ఈత రాదు. అయినా తాబేలు కదా అని దాన్ని నీళ్ల తొట్టిలో దించేవాళ్లున్నారు. గాజును కాళ్లతో గీకుతూ పైకి రావడానికి అది చేసే ప్రయత్నాన్ని ఆటగా భావిస్తారు. కొందరు చిప్పకు పసుపు కుంకుమలు రాస్తారు, పాలన్నం పెడతారు. గడ్డీ ఆకులూ తిని బతికే జీవికి పాలన్నం మేత కాదు.

తొలి తెలుగు శాసనంతో పేరుపొందిన కలమల్ల చుట్టుపక్కల నేలను చూస్తే ఈ తాబేలు అసలెలా బతుకుతుందా అనిపిస్తుంది. అటు థర్మల్ విద్యుత్ కేంద్రం, ఇటు ఎర్రగుంట్ల నాపరాతి గనులు, మధ్యలో కంపచెట్లు, బోడిగుట్టలు. ఏడాది వాన 700 మిల్లీమీటర్ల దరిదాపు. మే నెలలో ఎండ 42, 43 డిగ్రీలకు పోతుంది. ఇంత పొడినేల జీవికి తేమతో పనేముందని అనుకుంటారు. నిజానికి ఎండాకాలం పగళ్లలో అది బయట తిరగదు. గడ్డిదుబ్బుల మొదట్లో, పొదల అడుగున, నేల కాస్త చల్లగా చెమ్మగా ఉన్న చోట ఒదిగి ఉంటుంది. తెల్లవారుజామున, పొద్దువాలాక కదులుతుంది. వానలు పడ్డాక మాత్రం పగటిపూట కూడా తిరిగి మేస్తుంది, జతకడుతుంది. అది ఎంచుకుని కూర్చునే ఆ జానెడు నీడలోని గాలి, వాతావరణ కేంద్రం చెప్పే గాలి కాదు. ఇంట్లోకి తెచ్చి నున్నటి నాపరాతి బండల మీద వదిలితే దానికి ఆ ఎంపిక పోతుంది. బండ మీద గోళ్లు పట్టు దొరక్క జారిపోతాయి. రాత్రి ఏసీ వేస్తే గాలిలోని తేమను కూడా అది లాగేస్తుంది.

తేమ లేకపోతే ఏమవుతుందో ప్రయోగం చేసి చూసినవాళ్లున్నారు. 2003లో వియన్నా పశువైద్య పరిశోధకులు నక్షత్ర తాబేలుకు దగ్గరి చుట్టమైన ఆఫ్రికా తాబేలు పిల్లలను 50 తీసుకుని, ఐదు గుంపులుగా చేసి, ఐదు నెలల వయసు వచ్చేదాకా పెంచారు. గుంపు గుంపుకూ గాలిలో తేమను, మేతలో మాంసకృత్తులను మార్చారు. పొడిగాలిలో పెరిగిన పిల్లల చిప్ప మీద పలకలు గోపురాల్లా పైకి పొడుచుకొచ్చాయి, తేమలో పెరిగినవాటి చిప్ప నున్నగా ఉంది. మాంసకృత్తుల ప్రభావం చాలా స్వల్పమని తేలింది. అంతకుముందు దాకా ఈ వంకర మేతలో మాంసకృత్తులు ఎక్కువవడం వల్లే వస్తుందని పెంపకందారుల్లో గట్టి నమ్మకం. కొలిచి చూశాక ఆ నమ్మకం సవరణ అయింది. హేతువాదం అడిగేది ఇదే పద్ధతిని. మన ఇళ్లల్లో మాత్రం ఆ గోపురాలను లెక్కపెట్టి, ఇన్ని శిఖరాలున్న తాబేలు మహా అదృష్టమని చెప్పుకుంటారు. రోగలక్షణం కాస్తా శుభలక్షణం అయిపోయింది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. తేమ మంచిదన్నారని చల్లటి గదిలో నీళ్లు చల్లితే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. వేడి మంచిదన్నారని పొడిగా కాల్చితే ఒంట్లో నీరు ఆవిరైపోతుంది. వెచ్చదనం, తేమ రెండూ కలిసి ఉండాలి. చేతితో తాకి చెప్పగలిగిన సంగతి కాదిది, కొలిచే సాధనం కావాలి.

ఈ తాబేలును శుభమని జనం ఎందుకనుకున్నారు? విష్ణువు కూర్మావతారం ఒక కారణం. మరో కారణం ఈ నేలలోనే ఉండి ఉండాలి. వాన పడితే తాబేలు బయటికి వస్తుంది, అప్పుడే చేను మొలకెత్తుతుంది. ఏటా రెండూ ఒకేసారి కనిపిస్తే, ఇది వచ్చింది కాబట్టి అది జరిగిందని మనసు ముడివేస్తుంది. కప్పతల్లి ఆట వెనకా ఇదే తిరకాసు ఉంది. వాన రాని ఏడు కప్పను రోకలికి కట్టి ఇల్లిల్లూ తిప్పుతూ బిందెలతో నీళ్లు పోస్తారు. కప్ప అరిస్తే వాన పడుతుందని నమ్మకం. చర్మం తడిగా ఉంటేనే బతికే జీవి గాలిలో తేమ పెరిగినప్పుడు బయటికొచ్చి అరుస్తుంది. అరుపు వల్ల తేమ రాలేదు, తేమ వల్ల అరుపు వచ్చింది. ముందు వెనకలు తారుమారు చేసినందుకు శిక్ష ఆ కప్పకు పడుతోంది.

ఇలాంటి కథే సముద్రాల అవతల సన్యాసి పీతకు, అంటే హెర్మిట్ క్రాబ్‌కు, జరుగుతోంది. అక్కడ దాని చుట్టూ దైవం లేదు, కానీ అది ఏమీ అడగని ప్రాణి అన్న నమ్మకం ఉంది. న్యూజెర్సీ తీరంలో సెలవులకు వెళ్లే కుటుంబాలు, మన తెలుగువాళ్లు సహా, దుకాణాల్లో రంగులేసిన గుల్లలో ఉన్న పీతను తీగ పంజరంతో సహా కొని పిల్లల చేతికిస్తారు. ఆ తీగ పంజరమే దానికి ఉరి. నేల మీద బతకడానికి అలవాటుపడినా అది ఇప్పటికీ మొప్పలతోనే గాలి పీలుస్తుంది. మొప్పలు తడిగా ఉన్నంతసేపే పని. గాలిలో తేమ 75, 80 శాతం ఉండాలి, వేడి 24 నుంచి 29 డిగ్రీల మధ్య ఉండాలి. అందుకు మూతున్న గాజుతొట్టి, లోతుగా పరిచిన తడి ఇసుక, కొబ్బరిపీచు, క్లోరిన్ తీసిన మంచినీళ్లు ఒక గిన్నెలో, సముద్రపు ఉప్పు కలిపినవి ఇంకో గిన్నెలో కావాలి. అది కుబుసం విడవడానికి వారాల తరబడి ఇసుకలో పూడుకుపోతుంది. చచ్చిందనుకుని తవ్వి తీస్తే నిజంగానే చస్తుంది. చక్కగా చూసుకుంటే 30 ఏళ్లు బతికిన దాఖలాలున్నాయి, తీగ పంజరంలో కొన్ని నెలలే. పైగా దుకాణాల్లో అమ్మేవన్నీ దాదాపుగా తీరాల నుంచి పట్టి తెచ్చినవే, పెంపకంలో పుట్టినవి కావు.

మళ్లీ మన నేలకు వస్తే, తాబేలు వల్ల డబ్బొస్తుందన్న మాటను పరీక్షించడానికి ప్రయోగశాల అక్కర్లేదు. 2015లో అచ్చయిన ఒక పరిశోధన ప్రకారం భారతదేశంలోని ఒకే ఒక్క వ్యాపార కేంద్రం నుంచి ఏడాదికి కనీసం 55,000 నక్షత్ర తాబేళ్లు దొంగతనంగా తరలిపోయాయి. అన్ని వేల తాబేళ్లు మొదట ఎవరి చేతుల్లో ఉన్నాయి? కంపల్లో వెతికి, గోనెసంచిలో వేసి, గుడిసెలో దాచిపెట్టిన నిరుపేదల చేతుల్లో. ఒక్క తాబేలు ఇంటికి లక్ష్మిని తెచ్చేదే అయితే ఆ గుడిసెలు ఏనాడో మేడలయ్యేవి. వాళ్లకు దక్కింది కొద్దిపాటి కూలి, దొరికితే జైలు. డబ్బు చేసుకున్నది వాటిని విమానాల్లో దేశాలు దాటించినవాళ్లు. రెండు తలల పాము పేరుతో పూడుపామును పట్టి లక్షలు, కోట్లు అని ఆశపెట్టే మోసంలోనూ ఆరిపోయేది ఇలాంటి కుటుంబాలే.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నక్షత్ర తాబేలును పట్టుకోవడం, అమ్మడం, ఇంట్లో పెంచడం నేరం. 2019లో జెనీవాలో జరిగిన సమావేశంలో అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందం దీన్ని అత్యంత కఠినమైన మొదటి జాబితాలో చేర్చింది. అంతకు ముందు ఏడాది, 2018 నవంబరులో, సింగపూర్‌లో పట్టుబడిన 51 నక్షత్ర తాబేళ్లను కర్ణాటకకు తిరిగి తెచ్చారు. కూర్మాన్ని కొలిచేవారికి ఈ చట్టంతో పేచీ ఉండనక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో స్వామికి దండం పెట్టుకోవడానికి ఎవరూ ఇంట్లో తాబేలును బంధించాల్సిన పని లేదు.

ఇప్పటికే ఇంట్లో నక్షత్ర తాబేలు ఉన్నవారు దాన్ని రాత్రివేళ గుట్టల్లో వదిలేసి చేతులు దులుపుకోవడం కూడా తప్పే. ఏ ప్రాంతానిదో తెలియని తాబేలు, ఇంట్లో పట్టుకున్న జబ్బుతో సహా, కంపల్లోని మిగతావాటి మధ్యకు చేరుతుంది. అటవీశాఖకు అప్పగిస్తే విడిగా ఉంచి, పరీక్షించి, ఆ తర్వాత తగిన చోటు చూస్తారు. చేపలున్న తొట్టి మాత్రం ఇంట్లోనే ఉండవచ్చు. దాని పక్కన ఒక థర్మామీటర్, అమ్మోనియా చూసే పరీక్ష కిట్ పెట్టుకుంటే చాలు. ఈసారి చేప చచ్చిన పొద్దున, పక్కింటామె వచ్చేలోపు, పిల్లలతో ఆ రెండు అంకెలు నోట్‌బుక్‌లో రాయించాలి.