నీరు పల్లమెరుగు

“నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు” అన్న సామెతను ఇరవై యేళ్ళుగా క్లాసులో చెబుతున్నాను. అందులో రెండో సగానిదే బరువనీ, మొదటి సగం తూకం కోసం వచ్చి చేరిందనీ పిల్లలకు నూరిపోసిన వాణ్ణి. ఆ మొదటి సగం బరువెంతో మా పెరట్లో తెలిసివచ్చింది.

మా ఇల్లు నాన్నగారు కట్టించినది. కట్టిననాడు వీధికన్న రెండు మెట్లు ఎత్తున వుండేది. ఆ తరువాత రోడ్డు వేసినప్పుడల్లా పాతదాన్ని తవ్వకుండా దానిమీదే కొత్తది పరిచారు. వీధి పెరిగింది, ఇల్లు పెరగలేదు. ఇప్పుడు మా ఇంట్లోకి రావాలంటే రెండు మెట్లు దిగాలి. “ఇల్లు కట్టి చూడు” అన్న పెద్దలు, “కట్టిన ఇంట్లో నలభై యేళ్ళు కాపురం చేసి చూడు” అని కూడా అనవలసింది.

మూడేళ్ళ క్రితం వీధిలో భూగర్భ మురుగు కాలువ వేశారు. ఇరుగు పొరుగు వారందరూ సెప్టిక్ ట్యాంకులు పూడ్చుకుని ఆ కాలువకు కలుపుకున్నారు. మా వంతు వచ్చేసరికి మేస్త్రీ నీళ్ళగొట్టంతో మట్టం చూసి పెదవి విరిచాడు. మా మరుగుదొడ్డి పైపు వీధి పైపుకన్న అడుగున్నర దిగువన వుంది. “నీళ్ళు వాటంతటవి ఎక్కవండీ, ఎత్తిపొయ్యాలి” అన్నాడు.

ఎత్తిపోత! ఎంత చక్కని మాట! కంపెనీవారి కాగితంలో దానికి “సీవేజ్ ఎజెక్టర్ పంపు” అని పేరుంది. ఆ ఎజెక్టర్ అన్న పేరు పాతదే. 1878లో వేల్సు దేశపు ఇంజనీరు ఐజాక్ షోన్, మురుగును ఒత్తిడి గాలితో పైకి నెట్టే యంత్రానికి పేటెంటు పుచ్చుకున్నాడు. ఇప్పుడు ఆ పని విద్యుత్తుతో తిరిగే మోటారు చేస్తున్నది. మన తాతలు ఏతం తొక్కి చేలకు నీరెత్తినట్టే, ఇదీ ఒక ఏతమే. తొక్కే మనిషి లేడు, ఎత్తే నీరు వేరు, అంతే.

దాని పని చూస్తే ముచ్చట వేస్తుంది. ఇంటి మురుగు వచ్చి పడడానికి ఒక గుంట. మాది మూడడుగుల వెడల్పు, ఐదడుగుల లోతు. అడుగున పంపు. పక్కన ఒక తేలే బుడ్డి. నీరు పెరిగితే బుడ్డి లేచి పంపు నడుస్తుంది, తగ్గితే వాలి ఆగుతుంది. పైకి పోయిన నీరు తిరిగి గుంటలోకి దిగకుండా పైపులో ఒక వాల్వు. గుంటమీద గాలి చొరని మూత. లోపల పుట్టే వాయువులు పోవడానికి డాబా దాటేదాకా ఒక గొట్టం. సంపులోని మంచినీళ్ళు తోడే పంపు దీనికి పనికిరాదు. గట్టి పదార్థాన్ని కూడా మింగి వెళ్ళగక్కగల పంపే కావాలి.

మేస్త్రీ ఇంకొక మాట కూడా చెప్పాడు. “పంపు పైకి లాగడానికి గొలుసు వేయిద్దాం. అది జారడానికి రెండు నిలువు గొట్టాలు పెడదాం. పైపును మూతకు పైన విప్పుకునేలా యూనియన్ బిగిద్దాం. రిపేరు వస్తే మనిషి దిగే పని వుండదు” అన్నాడు. దానికి మరికొన్ని వేలు అవుతాయన్నాడు. “రోజూ లాగుతామా యేమిటి?” అని నేను కొట్టిపారేశాను. మిగిలిన డబ్బుతో పుస్తకాల బీరువా ఒకటి కొన్నాను.

క్రిందటి సంక్రాంతికి మా బావమరిది భార్యా బిడ్డలతో వచ్చాడు. కనుమ నాడు ఉదయం పంపు మూలుగుతున్నది గాని నీరు ఎత్తడం లేదు. కాసేపటికి ఆ మూలుగూ ఆగింది. స్నానాల గదిలో నీరు వెనక్కి తన్నింది. పిల్లలను పక్కింటికి తరిమి, కుళాయిలన్నీ కట్టేసి, మేస్త్రీకి కబురు చేశాను. అతడు ఊళ్ళో లేడు. అతని దగ్గర పనిచేసే కుర్రవాడు వచ్చాడు. ఇరవై యేళ్ళుంటాయేమో. మెయిన్ ఆపి, మూత తీసి, తొంగిచూశాడు.

“గొలుసు లేదండీ. అయినా అయిదు నిమిషాల పని. దిగి చూస్తాను” అంటూ చొక్కా విప్పి లుంగీ ఎగ్గట్టాడు.

ఐదడుగుల గుంటే గదా, మనిషి లోతైనా లేదు గదా అనుకున్నాను. “సరే, జాగ్రత్త” అన్నాను.

మా ఆవిడ వంటింటి గడపలోనుంచి, “ఆగు నాయనా!” అని కేకవేసింది. కుర్రవాడు ఒక కాలు గుంటలో పెట్టి ఆగాడు. ఆవిడ దగ్గరకు వచ్చి నావంక చూడకుండా అతన్నే అడిగింది: “నువ్వు ఇందులో దిగుతున్నట్టు మీ అమ్మకు తెలుసా?”

కుర్రవాడు కాలు తీసేశాడు.

అప్పుడు నాకు చదివినవన్నీ గుర్తుకు వచ్చాయి. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు గాలికన్న బరువు; అడుగున పేరుకుంటుంది. కొంచెంగా వుంటే కుళ్ళిన గుడ్డు వాసన. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసనా తెలియదు. వాసన లేదు గదా అని దిగినవాడు రెండు మూడు ఊపిర్లకే కూలిపోవచ్చు. వాణ్ణి తీద్దామని దిగినవాడి గతీ అంతే. పూర్వం పాడుబావిలో దిగేముందు లాంతరు దించి చూసేవారు. ఇక్కడ ఆ పరీక్ష కూడా ప్రమాదమే. మురుగు గుంటలో మండే వాయువు కూడా వుంటుంది.

రక్షణ లేకుండా మనిషిని మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. ఆ దింపినది ఆఫీసైనా గృహస్థైనా నేరమే. అలా పోయిన వారి కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని ముప్ఫై లక్షలు చేసింది. మా గుంట ఆ చట్టపు మాటల్లో ఇముడుతుందో లేదో వకీళ్ళు తేల్చాలి. వాయువుకు ఆ తేడా తెలియదు.

ఆ పూట పని అయిదు నిమిషాల్లో కాలేదు. మురుగు తోడే లారీని పిలిపించాం. గుంట ఖాళీ అయ్యాక పైనుంచే పైపు కోసి, ఇనుప కొక్కేనికి తాడు కట్టి, పంపు పిడికి తగిలించి, ముగ్గురం లాగాం. ఆ ముగ్గురిలో నేనొకణ్ణి. మూడు గంటలు పట్టింది. పంపు చక్రానికి జడలా చుట్టుకుని వున్నవి పసిపిల్లలను తుడిచే తడి కాగితాలు. పేరుకు కాగితాలే గాని నీళ్ళలో కరగవు. పొట్లం మీద ఏమి రాసివున్నా నమ్మవద్దు. గుడ్డపేలికలు, దూది, వెంట్రుకలు, కొబ్బరి పీచు కూడా అటు పోకూడదు.

మర్నాడే గొలుసు, నిలువు గొట్టాలు, యూనియన్ అన్నీ వేయించాను. నీరు హద్దు మీరితే కూతపెట్టే గంట కూడా పెట్టించాను. మూడు నెలలకొకసారి గుంటలోకి నాలుగు బిందెలు నీళ్ళు వదిలి, పంపు తనంతట తాను నడిచి, తనంతట తాను ఆగుతున్నదో లేదో చూస్తున్నాను. కరెంటు పోయినప్పుడు గుంట నిండకుండా నీళ్ళు పొదుపు చేస్తున్నాం. మీ ఇల్లు కూడా పల్లంలో వుండి, మీ మేస్త్రీ గొలుసు మాట ఎత్తితే, దయచేసి బీరువా మాట తలపెట్టకండి.

పని ముగిశాక కుర్రవాడు అరుగుమీద కూచుని కాఫీ తాగాడు. వెళుతూ మా ఆవిడతో, “ఇదివరకు చాలాసార్లు దిగానమ్మా. అమ్మకు తెలుసా అని ఎవరూ అడగలేదు” అన్నాడు. ఆవిడ ఏమీ అనలేదు. ఖాళీ గ్లాసు అందుకుంటూ, ఆ రోజుకు మొదటిసారి నావంక చూసింది.

వచ్చే యేడు ఆ సామెత చెప్పేటప్పుడు రెండో సగం కొంచెం మార్చి చెప్పాలి. నేను “సరే” అన్న నిజం దేవుడొక్కడే కాదు, మా ఆవిడ కూడా ఎరుగును.