ఇంటిమీద సోలార్ పలకలు – గిట్టుబాటు ఎవరికి?

ఇప్పుడు ఏ ఊరికి పోయినా ఒకటే మాట. ఇంటిమీద సోలార్ పలకలు పెట్టుకోండి, కరెంటు బిల్లు ఉండదు, మిగిలిన కరెంటు అమ్ముకోండి అంటూ ఏజెంట్లు కరపత్రాలు పట్టుకుని తిరుగుతున్నారు. బ్యాంకు అప్పు ఇప్పించే పూచీ కూడా తమదేనంటున్నారు. ఈమధ్య సిరిసిల్ల ప్రాంతంలో ఒక పల్లెకు వ్యవసాయ కార్మికుల సమావేశం కోసం మేము వెళ్ళాము. కూలిరేట్ల మీద మాట్లాడుకోవలసింది కాస్తా సగం పొద్దు ఈ పలకల మీదనే గడిచింది.

"అన్నా, మాకు బిల్లే వస్తలేదు. ఇగ ఈ పలకలతోని మాకేమొస్తది?" అని నాట్లకు పోయే ఒక అక్క అడిగింది. పక్కనే నిలబడ్డ పెద్ద రైతు ఒకాయన, "మా ఇంటికి నెలకు రెండున్నర వేలు దాటుతున్నది. నాకైతే పెట్టుకుంటెనే లాభం" అన్నాడు.

ఇద్దరూ చెప్పింది నిజమే. ఊరు ఒకటే, ఎండ ఒకటే, ఇద్దరి ఇళ్ళకూ తీగ వచ్చేది ఒకే స్తంభం నుంచి. అయినా ఒకరికి లాభం, ఒకరికి సున్నా. ఇందుకు కారణమేమిటి? లాభనష్టాలను తేల్చేది ఎండ కాదు, మీటరు లెక్క. ఆ లెక్క రాసేది ఎవరన్నదే అసలు ప్రశ్న.

సంస్థ మనదైనప్పుడు

సిరిసిల్ల ప్రాంతానికి ఒక ప్రత్యేకత ఉంది. ఇక్కడ ఇంటికి, బావికి, మరమగ్గానికి కరెంటు ఇచ్చేది కంపెనీ కాదు, సహకార విద్యుత్ సరఫరా సంఘం. ఊళ్ళలో దాన్ని 'సెస్' అంటారు. 1970 ప్రాంతంలో దేశంలో ప్రయోగంగా పెట్టిన ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలలో ఇది ఒకటి. టోకున కరెంటు కొని, తన తీగల మీద చిల్లరగా సరఫరా చేస్తుంది. వినియోగదారులే సభ్యులు. 2022 డిసెంబరులో డైరెక్టర్ల ఎన్నికలు కూడా జరిగాయి.

పట్టణ ప్రజలే కరెంటు సంస్థను నడుపుకునే చోట్లు కూడా ఉన్నాయి. కేరళలో త్రిశూర్ పాత పట్టణానికి కరెంటు పంపిణీ చేసేది అక్కడి మునిసిపల్ కార్పొరేషనే. 1936లో పంపిణీని ప్రైవేటు కంపెనీకి అప్పగించడానికి వ్యతిరేకంగా పెద్ద ఆందోళన జరిగిన పట్టణమది.

ఇలాంటి చోట్ల సోలార్ పలకల లెక్క ఒక్క ఇంటి గోడల మధ్య తేలేది కాదు. కంపెనీకి నష్టం వస్తే "కంపెనీ ఏడుపు కంపెనీది" అనవచ్చు. సంఘానికి నష్టం వస్తే అది తిరిగి సభ్యుల నెత్తినే పడుతుంది. అందువల్ల రెండు లెక్కలు వేయాలి: ఇంటి లెక్క ఒకటి, సంఘం లెక్క ఒకటి.

మూడు ఇళ్ళ లెక్క

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం 75,021 కోట్ల రూపాయలతో ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం తెచ్చింది. కోటి ఇళ్ళ లక్ష్యం. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 రూపాయలు, మూడో కిలోవాటుకు 18,000 రూపాయలు సబ్సిడీ. మొత్తం మీద 78,000 దాటదు. కేంద్రం వేసిన ఖర్చు లెక్క కిలోవాటుకు 50,000, మూడోదానికి 45,000. బజారులో చాలాచోట్ల ఇంతకంటే ఎక్కువే అడుగుతున్నారు. ఒక కిలోవాటు పలకలు నెలకు సుమారు 120 యూనిట్లు ఇస్తాయి. 2022–23లో ఖరారైన తెలంగాణ శ్లాబు ధరలు తీసుకుని, స్థిర చార్జీలు పక్కన పెట్టి లెక్క వేద్దాం.

మొదటిది, నెలకు 80 యూనిట్లు కాల్చే కూలి ఇల్లు. మూడు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక టీవీ. 2024లో మొదలైన గృహజ్యోతి కింద తెల్ల కార్డుదారులకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు. పలకలు పెడితే మిగిలేది కూడా సున్నా! కార్డు రాని ఇల్లయితే మొదటి 50 యూనిట్లు 1.95 చొప్పున, మిగతా 30 యూనిట్లు 3.10 చొప్పున నెలకు 190 రూపాయల 50 పైసలు. ఒక కిలోవాటుకు సబ్సిడీ పోను చేతి నుంచి పెట్టేది 20,000. అది తిరిగి రావడానికి దగ్గర దగ్గర తొమ్మిదేళ్ళు.

రెండోది, 180 యూనిట్లు కాల్చే చిన్న రైతు ఇల్లు, లేదా మగ్గం కార్మికుని ఇల్లు. పథకం వర్తిస్తే వీరికీ సున్నా బిల్లే. వర్తించకపోతే 724 రూపాయలు. రెండు కిలోవాట్లకు చేతి నుంచి 40,000 పెడితే నాలుగున్నర ఏళ్ళు దాటాక గిట్టుబాటు.

మూడోది, 400 యూనిట్లు కాల్చే ఇల్లు. డాబా, ఏసీ, ఫ్రిజ్, బోరు మోటారు ఉంటాయి. బిల్లు 2,690 రూపాయలు. మూడు కిలోవాట్లు పెడితే 360 యూనిట్లు అక్కడే పుడతాయి. బిల్లులో మిగిలే 40 యూనిట్లు అట్టడుగు శ్లాబులో పడతాయి. కట్టేది 78 రూపాయలు. ఏడాదికి 31 వేల పైచిలుకు మిగులు. చేతి నుంచి పెట్టింది 67,000. రెండేళ్ళు దాటగానే పెట్టుబడి చేతికొస్తుంది. బజారు ధర రెండు లక్షలయినా నాలుగేళ్ళలో తీరిపోతుంది. పలకల ఆయుష్షు పాతికేళ్ళు. అంటే మిగతా ఇరవై ఏళ్ళూ లాభమే.

ఇదీ అసలు సంగతి. ఎంత ఎక్కువ కాలిస్తే అంత త్వరగా గిట్టుబాటు. ఎంత పొదుపుగా బతికితే అంత ఆలస్యం. సబ్సిడీ డబ్బు అందరి పన్నుల నుంచి వస్తుంది. పోయేది మాత్రం డాబా ఉన్నవారికి. రేకుల ఇంట్లో, గూనపెంకుల ఇంట్లో, కిరాయి గదిలో ఉండేవారికి ఈ పథకంలో చోటెక్కడ?

ఏజెంటు చెప్పని మాటలు

ఏజెంటు కొన్ని మాటలు చెప్పడు. మేము చెప్పవలసి వస్తున్నది.

కరెంటు పోతే పలకలు కూడా ఆగిపోతాయి. లైను మీద పనిచేసే కార్మికుని ప్రాణాలకు ముప్పు రాకుండా ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోతుంది. బ్యాటరీ ఉంటే తప్ప నడిఎండలో కూడా ఇంట్లో ఫ్యాను తిరగదు. బ్యాటరీకి మళ్ళీ వేరే ఖర్చు.

ఇన్వర్టరు పాతికేళ్ళు రాదు, పదేళ్ళ ప్రాంతంలో మార్చవలసి వస్తుంది. దుమ్ము తుడవకపోతే దిగుబడి తగ్గుతుంది. కరీంనగర్ పల్లెల్లో కోతుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. మిగులు కరెంటుకు మనం బిల్లులో కట్టే ధర రాదు. వచ్చేది టోకు కొనుగోలు ధర చుట్టూనే ఉంటుంది. "అమ్ముకుని సంపాదించండి" అనే మాట నమ్మి అవసరానికి మించి పలకలు పెట్టిస్తే ఏజెంటు అమ్మకం పెరుగుతుంది, మనకు అప్పు పెరుగుతుంది. మేము వెళ్ళిన పల్లెలోనే 90 యూనిట్లు కాల్చే ఒక ఇంటివారి చేత మూడు కిలోవాట్లకు సంతకం పెట్టించబోయారు. బిల్లు కాగితం ముందు పెట్టి లెక్క చెప్పాక ఆ కుటుంబం వెనక్కు తగ్గింది.

సంఘానికి పడే భారం

ఇప్పుడు రెండో లెక్క. 400 యూనిట్ల ఇల్లు పలకలు పెట్టుకుంటే, ఆ 360 యూనిట్లను టోకున కొనే ఖర్చు సంఘానికి తప్పుతుంది. అది నిజమే. కాని టోకు ధరకూ పై శ్లాబు ధరకూ మధ్య ఉన్న తేడా సంఘానికి రాకుండా పోతుంది. స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, లైన్‌మన్ల జీతాలు వచ్చేది ఆ తేడా నుంచే. తక్కువ కాల్చే ఇళ్ళకు తక్కువ ధర సాగేది కూడా కొంతవరకు దాని వల్లనే.

రైతుకు అర్థమయ్యే పోలిక ఒకటి చెబుతాము. కోతలప్పుడు, ధాన్యం చవకగా ఉన్నప్పుడు ఒకడు పుట్టి ధాన్యం తెచ్చి ఊరి గాదెలో పోశాడు. ఆషాఢంలో, ధర పెరిగినప్పుడు గింజకు గింజ పట్టుకుపోయాడు. గాదె కిరాయి ఇవ్వలేదు, తరుగు ఒప్పుకోలేదు. గాదె ఖర్చు ఎవరు మోశారు? నెట్ మీటరు కూడా ఇలాంటిదే. మధ్యాహ్నం పుట్టిన కరెంటును లైనులో పోసి, అందరికీ కరెంటు కావలసిన చీకటి వేళ యూనిటుకు యూనిటు తీసుకుంటారు. పదిళ్ళు చేస్తే గాదె తట్టుకుంటుంది. పెద్ద బిల్లులు కట్టే ఇళ్ళన్నీ చేస్తే?

సంఘం దెబ్బతింటే ఏమవుతుందో చూశాము. సిరిసిల్లతోపాటు ఆ ఐదింటిలోదే మహారాష్ట్రలోని ములా–ప్రవర సంఘం. బకాయిలు పేరుకుపోయి 2011లో పంపిణీ హక్కునే పోగొట్టుకుంది. 'రెస్కో' అనే మాట కూడా చూడండి. ఒకప్పుడు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాన్ని రెస్కో అనేవారు. ఇప్పుడు సోలార్ పత్రాల్లో రెస్కో అంటే మన కప్పుమీద తన పలకలు పెట్టి మనకే కరెంటు అమ్మే కంపెనీ!

అయితే ఈ వాదన పట్టుకుని "సోలార్ వద్దు" అనడం మా ఉద్దేశం కాదు. బొగ్గు పొగ ఊపిరితిత్తుల్లోకి పోయేది కార్మికులకే. తన అమ్మకం తగ్గకూడదని పంపిణీ కంపెనీ చెప్పే అభ్యంతరాలను మనం నెత్తికెత్తుకోనక్కరలేదు. మేము అడిగేది ఒక్కటే: పలకలు పెట్టండి, లాభం పంచండి.

ఆస్టిన్‌లో ఏం చేశారు?

ఇది సాధ్యమా అని అడగవచ్చు. అమెరికాలో టెక్సాస్ రాజధాని ఆస్టిన్ సంగతి చూద్దాం. మన తెలుగు పిల్లలు ఎందరో ఉద్యోగాలు చేస్తున్న ఊరే. అక్కడ కరెంటు సంస్థ నగరానిదే. ధరలు ఖరారు చేసేది నగర కౌన్సిలు. 2012లో వారు నెట్ మీటరు పద్ధతి వదిలి రెండు లెక్కలు వేరు చేశారు. ఇంట్లో కాల్చినదానికంతా మామూలు శ్లాబుల ప్రకారం బిల్లు. కప్పుమీద పుట్టినదానికంతా వేరే ధర. మిగిలే ఇంధనం, తగ్గే లైన్ నష్టం, వాతావరణానికి మేలు లెక్కగట్టి యూనిటుకు 12.8 సెంట్లుగా మొదలుపెట్టారు. 2014లో అది 10.7 సెంట్లకు దిగింది. అంటే పలకల గిట్టుబాటు కౌన్సిలు లెక్కతోపాటు మారింది. ఎక్కువ కాల్చేవారు శ్లాబుల నుంచి తప్పించుకునే దారి మాత్రం మూసుకుపోయింది.

కప్పు లేనివారి కోసం అదే సంస్థ లా లోమా అనే చోట 2.6 మెగావాట్ల ఉమ్మడి సోలార్ కేంద్రం ఏర్పాటు చేసింది. కిరాయిదార్లు కూడా అందులో చేరవచ్చు. కొంత భాగం పేద కుటుంబాలకు తగ్గింపు ధరకు కేటాయించారు. ఆస్టిన్ సోషలిస్టు నగరమేమీ కాదు. సంస్థ ప్రజలదైతే ఇలా లెక్క మార్చడానికి వీలుంటుందని చెప్పడానికే ఈ ఉదాహరణ.

ఏం అడగాలి?

ఒక మెగావాటు సోలార్ కేంద్రం ఏడాదికి సుమారు 15 లక్షల యూనిట్లు ఇస్తుంది. 80 యూనిట్లు కాల్చే కూలి ఇళ్ళు 1500కు ఆ కరెంటు సరిపోతుంది. కప్పు ఎవరిది, డాబా ఎవరికుంది అనే ప్రశ్నే రాదు. అందుకని మేము అడిగేవి ఇవి:

1. సహకార సంఘమే పలకలు పెట్టాలి. సబ్‌స్టేషన్లు, మార్కెట్ యార్డు షెడ్లు, గోదాములు, బడులు, మరమగ్గాల షెడ్ల కప్పులు ముందు వాడాలి. పేదలు సాగుచేసే భూములు, కౌలు భూములు ముట్టుకోరాదు. ఎకరాలకు ఎకరాలు పలకల కిందికి పోతే యజమానికి కిరాయి వస్తుంది, కౌలుదారుకు భూమి పోతుంది, కూలికి పని పోతుంది.

2. ఇంటికి కప్పు లేని సభ్యునికి, కిరాయిదారుకు ఉమ్మడి కేంద్రంలో వాటా ఇచ్చి, బిల్లులో జమ చేయాలి. మహిళా సంఘాల చేత 1000 మెగావాట్ల కేంద్రాలు పెట్టిస్తామని 2024లో తెలంగాణ ప్రభుత్వం చెప్పింది. వాటిలో కూలి కుటుంబాల స్త్రీలకు మొదటి స్థానం ఉండాలి.

3. పెద్ద వినియోగదారులు పలకలు పెట్టుకోవచ్చు. లైను వాడుకున్నందుకు న్యాయమైన కిరాయి కట్టాలి. చిన్న ఇళ్ళ మీద ఈ పేరుతో ఏ చార్జీ వేయరాదు.

4. పలకలు పెట్టామన్న సాకుతో ఉచిత యూనిట్లు ఎత్తివేయరాదు. ఇది అన్నిటికంటే ముఖ్యం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకు 2 కిలోవాట్లు ఉచితంగా పెడతామన్నది. మంచిదే. కాని ఇన్వర్టరు పాడైన రోజున ఆ ఇంటి బిల్లు ఎవరు కడతారో కాగితం మీద రాయాలి.

ఆ అక్క ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. ఆమె కాల్చే 80 యూనిట్ల డబ్బు ఇప్పుడు ప్రభుత్వం కడుతున్నది. ఆమె కప్పుమీద పలక పెడితే ఆదా అయ్యేది ప్రభుత్వ ఖజానాకు. అలాంటప్పుడు అప్పు ఆమె పేర ఎందుకు రాయాలి? లాభం ఎవరిదైతే ఖర్చు వారిదే కావాలి. ఈ మాట చెప్పగానే ఆమె, "గట్లయితె మేము సంతకం పెట్టం, అన్నా. సంఘమే పెట్టియ్యమను" అన్నది.

కరెంటు ధరల పెంపు మీద 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో తూటాలకు ఎదురు నిలిచిన ప్రజలకు మీటరు లెక్క ఎవరు రాస్తారనేది కొత్త పాఠం కాదు. సంఘం మహాసభ జరిగే రోజున మన సభ్యులు చేతిలో బిల్లు కాగితాలు పట్టుకుని పోవాలి. కూలి ఇంటి బిల్లు, పెద్ద ఇంటి బిల్లు పక్కపక్కన పెట్టి అడగాలి. సంస్థ మనదని చెప్పుకుంటే చాలదు, దాని లెక్కలో మన ఇల్లు కూడా ఉండాలి.